ప్రార్థన యెవరి చెవిని బడును?

ప్రార్థనను గూర్చి వ్రాయబూనినవానికి ఇరుప్రక్కలనుండియు దెబ్బలు తప్పవు. ఆస్తికులు వీనికి భక్తి లేదందురు. నాస్తికులు వీనికి ధైర్యము చాలలేదందురు. ఈ రెండు మాటలకును సిద్ధపడియే మేము కలము పట్టితిమి. ఏలయన, ఈ విషయమున మన చదువుకొన్న కుటుంబములలో నొక వింతవాదము ప్రబలుచున్నది. మన తాతలు ప్రార్థించినచో దేవుడు కరుణించి కోరిక తీర్చుననిరి. అది తప్పో యొప్పో గాని స్పష్టమైన మాట. నేటి విద్యావంతులు అట్లనరు. కోరిక తీరినదా, "చూచితిరా ప్రార్థన మహిమ!" అందురు. తీరలేదా, "ప్రార్థన కోరికల కొఱకు కాదండీ, మనశ్శాంతి కొఱకు" అందురు. పైగా "ఇది శాస్త్రజ్ఞులే నిరూపించిరి" అని యొక ముద్ర వేయుదురు. లాభము వచ్చినపుడు దేవుని ఖాతాలోను, నష్టము వచ్చినపుడు మనస్తత్త్వశాస్త్రము ఖాతాలోను వ్రాసికొను ఈ పద్దును ఏ కోమటి యొప్పుకొనును? ఈ రెండు ఖాతాలను విడదీసి చూపవలెననియే మా ప్రయత్నము.

వంగదేశమున 'తత్త్వబోధినీ పత్రిక'కు 1843 నుండి సంపాదకుడుగా నుండిన అక్షయకుమార దత్తు (1820–1886) బ్రహ్మసమాజములో నుండియే ప్రార్థనను బీజగణితముగా గట్టి చూపెనని ప్రసిద్ధి. రైతు కష్టపడినచో పంట పండును. రైతు కష్టపడి ప్రార్థించినను అదే పంట పండును. కావున ప్రార్థన విలువ సున్న. ఇంతకంటె పొట్టిదైన ఖండనము మాకు దెలిసినంతవరకు లేదు. అయినను ఆయన సమాజము ప్రార్థనను మానలేదు. మన రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1878 లో స్థాపించిన సంఘమునకు పేరే ప్రార్థనాసమాజము. విగ్రహమును విడిచిరి, తంతును విడిచిరి, శకునమును విడిచిరి, వితంతువు తలపై లోకము మోపిన శాపమును విడిచిరి. ప్రార్థనను మాత్రము చేతబట్టుకొనియే వచ్చిరి. ఇంతటి గట్టివారు విడువలేకపోయినదానిని వట్టి మూఢత్వమని త్రోసివేయుట సుళువుగాని, అది వివరణము కానేరదు.

దత్తుగారి సమీకరణము పంట విషయమున అక్షరాల నిజము. కాని యందులో ఒక రాశి లోపించినది. ఆ రాశి రైతు. పంటమీద ప్రార్థన విలువ సున్న. పండించువాని మీద సున్న కాదు. సంస్కృత వ్యాకరణము చదివినవారికి దీనినే మఱియొక విధముగ జెప్పవచ్చును. కర్త, కర్మ, కరణము మొదలైనవి కారకములు. అవి క్రియను సాధించును. సంబోధనము కారకము కాదు. "రామా!" యని పిలిచినంత మాత్రమున ఆ పిలుపు వాక్యములోని పనిలో పాలుపంచుకొనదు. అది పిలుచువాని ముఖమును ఒక దిక్కునకు త్రిప్పును, అంతియే. ప్రార్థన సంబోధనము. దానిని కారకముగా వాడుటలోనే మన చిక్కంతయు నున్నది.

ఆలకించు దేవుని శంకించుట పాశ్చాత్యులనుండి యెరువు దెచ్చుకొన్న బుద్ధియని కొందఱు మమ్ము నిందింపవచ్చును. వారు ఒక్కసారి శబరస్వామి మీమాంసాభాష్యము తెఱచి చూడవలెను. వేదమును ప్రాణముగ జూచుకొన్న ఆ మీమాంసకులే దేవతకు శరీరము లేదనిరి, హవిస్సు భుజింపదనిరి, ప్రసన్నత నొందదనిరి, ఫలమీయదనిరి. యాగములో దేవత యనగా చతుర్థీవిభక్తితో నుచ్చరింపబడు శబ్దమే గాని, వాకిటిలో నిలుచుండి మన మొఱ వినునది కాదనిరి. శంకరాచార్యులు దీనిని బ్రహ్మసూత్రభాష్యములో ఖండించిరి, నిజమే. కాని ఖండింపవలసినంత బలముగా ఆ వాదము మన గడ్డమీదనే యుండెను. ఈ సంగతి మన పురాణకాలక్షేపములలో వినబడదేమో యని మా యనుమానము.

సరే, వినువాడున్నాడో లేడో ప్రక్కకు బెట్టుదము. మనుష్యుడు ఎప్పుడు ప్రార్థించును? దీనికి చక్కని సాక్ష్యము న్యూగినీకి తూర్పుననున్న ట్రోబ్రియాండ్ దీవులలో దొరకినది. మొదటి మహాయుద్ధకాలమున అక్కడ నివసించిన మలినోవ్‌స్కీ యను మానవశాస్త్రజ్ఞుడు అచ్చటి జాలరులను గమనించి 1925 లో వ్రాసెను. తీరమును ఆనుకొనియున్న లోతులేని కయ్యలో వారు చేపలు పట్టుదురు. అచ్చట అపాయము లేదు, చేప దొరకుట నిశ్చయము. అచ్చట మంత్రములు లేవు. నడిసముద్రమునకు పోయినచో ప్రాణాపాయమున్నది, చేప దొరకుట దైవాధీనము. అచ్చటికి బయలుదేరునపుడు తంతులకు అంతు లేదు. మనుష్యుడదే, పడవ యదే, చేతి యొడుపదే. భేదమంతయు నిశ్చయానిశ్చయములలోనే.

మన యిండ్లలో చూడుడు. పొయ్యి వెలిగించుటకు ఎవ్వరును మ్రొక్కరు. బావిలో చేద వేయుటకు మ్రొక్కరు. కాన్పునకు, పరీక్షకు, కోర్టు తీర్పునకు, వానకు, వీసాకు మ్రొక్కుదురు. ఏ యింటనైనను ఒక సంవత్సరములో మ్రొక్కిన మ్రొక్కులన్నియు వరుసగ వ్రాసినచో ఆ యింటివారి చేతిలో లేని పనుల జాబితా తయారగును. ఆ జాబితా కాలముతో మారును గూడ. మన పల్లెలలో మశూచికమునే అమ్మవారనిరి. పోలేరమ్మకు మ్రొక్కని తల్లి లేదు. టీకా ఇంటింటికి వచ్చెను. 1975 తరువాత భారతదేశమున ఆ వ్యాధి సోకినవాడు లేడు; 1980 లో భూమిమీద ఎచ్చటను లేదని ప్రపంచారోగ్యసంస్థ ప్రకటించెను. నేడును పోలేరమ్మకు జాతర జరుగుచున్నది, సంతోషమే, జరుగనిండు. కాని మశూచికమునుండి నా బిడ్డను కాపాడుమని యిప్పుడు ఏ తల్లి మ్రొక్కుచున్నది? ఆమె భక్తి తగ్గలేదు. భయము పోయినది.

ఇక ఫలించెనను నమ్మకము ఎట్లు పుట్టునో చూతము. వాన సంగతి తీసికొనుడు. ఆషాఢము వచ్చినను చినుకు లేదు. ఊరివారు రోకలికి కప్పను గట్టి యిల్లిల్లు త్రిప్పుదురు. ఆడువారు నీళ్లు గ్రుమ్మరింతురు. రామాలయములో విరాటపర్వము చదివింతురు. పట్టణములలో పెద్దలు వరుణయాగములు చేయింతురు. ఇవన్నియు ఎప్పుడు చేయుదురు? నైరృతి ఋతుపవనము ఆలస్యమై, ఇక రాక తప్పదను సమయముననే కదా! మాఘమాసమున విరాటపర్వము చదివి వాన కురిపించిన ఊరు మేమెఱుగము. కష్టము పరాకాష్ఠ నందినపుడే ప్రార్థింతుము. పరాకాష్ఠ నందిన కష్టము సాధారణముగా తగ్గుముఖము పట్టును. జ్వరమును అంతే, ధరవరలును అంతే, అత్తగారి కోపమును అంతే. కాకి వ్రాలుటయు తాటిపండు రాలుటయు ఒక్కసారి జరిగినవి. కాకతాళీయన్యాయమను పేరుతో ఈ భ్రాంతిని మన పెద్దలు ఎన్నడో గుర్తించి, దానిని నిఘంటువులో భద్రపఱచి, వాడుకలో మఱచిరి.

ఈ భ్రాంతి మనుష్యులకు మాత్రమే కలుగునది కాదేమోయని 1948 లో అమెరికాలో స్కిన్నరు పావురములమీద ఒక ప్రయోగము చేసెను. ఆకలిగొన్న పావురమును పెట్టెలోనుంచి, అది యేమి చేసినను చేయకున్నను, నిర్ణీతమైన వ్యవధికొకసారి గింజలు అందునట్లు ఏర్పఱచెను. ఎనిమిది పక్షులలో ఆఱు ఏదో యొక విచిత్రచేష్టను పట్టుకొనెను. ఒకటి గుండ్రముగ తిరుగుచుండెను. ఒకటి తలను పెట్టె మూలకు విసరుచుండెను. గింజ పడినపుడు తానేమి చేయుచుండెనో దానివలననే గింజ వచ్చెనని తలచినట్లు అవి ప్రవర్తించెను. ఆ చేష్టలకు వేఱు కారణములు గలవని తరువాతివారు కొందఱు వాదించిరి గాన, దీనినే పరమప్రమాణముగ మేము చెప్పము. కాని ప్రదక్షిణమునకును పావురమునకును ఇంత దగ్గఱి చుట్టఱికము కనబడినపుడు ఒక్క క్షణము ఆగి యాలోచించుట మన చదువునకు మర్యాద.

ప్రదక్షిణమనగానే హైదరాబాదు సమీపమున చిలుకూరి బాలాజీ ఆలయము గుర్తునకు వచ్చును. అచ్చట హుండీ లేదు. ఆ యొక్క గుణమునకు మేము చేయెత్తి నమస్కరింతుము. కోరిక కోరునపుడు 11 ప్రదక్షిణములు, తీరిన పిమ్మట 108 ప్రదక్షిణములు చేయుట ఆచారము. పైదేశములకు పోగోరు యువకులు తండోపతండములుగ వత్తురు గాన వీసా బాలాజీ యని లోకము పిలుచుచున్నది. ఇప్పుడు చదువరులు ఆ యావరణములో ఒక మూల నిలుచుండి చూచినట్లు భావించుకొనుడు. 108 చుట్లు తిరుగువారందఱును కోరిక తీరినవారే. వారి ముఖములలో కాంతి, చేతిలో లెక్క కాగితము. వీసా రానివాడు ఎక్కడ? వాడు ఇంటిలో గోడవైపు తిరిగి పడుకొనియున్నాడు. వాడు వచ్చి, "నేను పదునొకండు చుట్లు తిరిగితిని, నాకు రాలేదు" అని చాటుచు తిరుగుటకు ఏ ప్రదక్షిణమును విధింపబడలేదు. జయము కండ్లకు కట్టినట్లు తిరుగును. అపజయమునకు కాళ్లు లేవు.

ఈ రహస్యమును రెండువేల యేండ్లకు పూర్వమే యొక యవనుడు కనిపెట్టెను. దియాగొరాసు అను నాస్తికునకు ఒక మిత్రుడు గుడిగోడలపై వ్రేలాడు పటములను చూపి, తుపానులో మ్రొక్కుకొని బ్రతికి బయటపడినవారు ఎందఱున్నారో చూడుమనెను. మఱి మ్రొక్కుకొని మునిగినవారి పటములు ఎచ్చట నున్నవి? అని ఆయన అడిగెనని రోమను పండితుడు కికెరో వ్రాసెను. 1620 లో బేకను ఈ కథనే మఱల చెప్పి, మనుష్యబుద్ధి తనకు నచ్చిన నిదర్శనములను ఎత్తుకొని నచ్చనివానిని జారవిడుచుననెను.

మునిగినవారిని గూడ లెక్కింపవలెనన్న ప్రయోగము చేయవలసినదే. 1872 లో ఇంగ్లండున గాల్టను ఒక కొంటెలెక్క వేసెను. ప్రతి గుడిలోను వారము వారము ఎవరి దీర్ఘాయువు కొఱకు ప్రార్థింతురు? రాజవంశమువారి కొఱకు. వారి సగటు ఆయువెంత? ఆయనకు దొరకిన పట్టికలలో రాజవంశీయులకు 64 యేండ్లు, మతాచార్యులకు 69, సామాన్యపు భూస్వాములకు 70. దేశమంతయు దీవించినవారే అందఱికంటె ముందు పోయిరి. ఈ లెక్కలో లోపములున్నవి. మొక్కుబడిగా చదివిన దీవెన నిజమైన ప్రార్థన కాదని యెవరైన ననిన, ఆ యాక్షేపణ సమంజసమే.

అట్టి యాక్షేపణలు లేకుండునట్లు చేసిన పరీక్ష 2006 లో వెలువడినది. దానిని గూర్చి కొంచెము విపులముగ చెప్పవలెను. ఏలయన "శాస్త్రజ్ఞులు నిరూపించిరి" అనువారు ఈ పేరు ఎత్తరు. అమెరికాలో ఆఱు ఆసుపత్రులలో గుండెకు బైపాసు శస్త్రచికిత్స చేయించుకొనబోవు 1,802 మంది రోగులను మూడు వర్గములుగ విభజించిరి. నాయకుడు బెన్సను అను వైద్యుడు. ధ్యానము, విశ్రాంతి మొదలైనవానివలన దేహమునకు మేలని జీవితమంతయు బోధించినవాడు, ప్రార్థనకు శత్రువు కాడు. మొదటి రెండు వర్గములవారికి, మీ కొఱకు ప్రార్థన జరుగవచ్చును జరుగకపోవచ్చును అని చెప్పిరి. వారిలో ఒక వర్గమునకే నిజముగ ప్రార్థించిరి. మూడవ వర్గమువారికి, మీ కొఱకు తప్పక ప్రార్థింతురని చెప్పి ప్రార్థించిరి. శస్త్రచికిత్సకు ముందటి రాత్రి మొదలు 14 దినములు భక్తబృందములు పేరుపేరున వేడుకొనిరి. నెలదినములలో ఉపద్రవములు కలిగినవారిని లెక్కించిరి. తెలియకుండ ప్రార్థన పొందినవారిలో నూటికి 52, పొందనివారిలో 51. ఒకటి యెక్కువ, ఒకటి తక్కువ. అనగా భేదము లేదు. తమ కొఱకు ప్రార్థించుచున్నారని నిశ్చయముగ దెలిసినవారిలో మాత్రము 59.

ఈ చివరి సంఖ్యను జూచి ప్రార్థనవలన హాని కలుగునని గంతులు వేయు నాస్తికులతో మేము చేరము. అది కేవలము యాదృచ్ఛికము కావచ్చును. లేదా, "నా కొఱకు ప్రార్థనమండలినే పిలిపించిరన్న నా స్థితి అంత విషమించినదా?" అని రోగి దిగులుపడియుండవచ్చునని కొందఱు తలచిరి. ఈ రెండవ యూహ నిజమైనచో ఎంత విచిత్రము! ఆకసమునకు చేరవలసిన ప్రార్థన రోగి చెవిని బడి అచ్చటనే పని చేసినదన్నమాట. ఇంతకు పూర్వము 1988 లో సాన్‌ఫ్రాన్సిస్కోలో 393 మంది హృద్రోగులపై జరిగిన పరీక్షను భక్తులు తఱచుగ పేర్కొందురు. అందు పెక్కు విషయములు కొలువగా కొన్నిట ప్రార్థన పొందినవారు మెఱుగుగ నుండిరి; కాని మరణములలో గాని ఆసుపత్రిలో నున్న దినములలో గాని భేదము లేదు. గంపెడు రాళ్లు విసరిన ఒకటి రెండు కాయలకు తగులకపోవునా?

మఱి రెండవ ఖాతా? అందులో జమ నిజముగనే యున్నది. 2001 లో ఇటలీ దేశపు పరిశోధకులు 23 మందిచేత ఒకసారి క్రైస్తవుల జపమాలలోని మరియమ్మ ప్రార్థనను లాటిను భాషలోను, ఇంకొకసారి బౌద్ధుల 'ఓం మణిపద్మే హుం' మంత్రమును చదివించిరి. రెంటను ఊపిరి నిమిషమునకు ఇంచుమించు ఆఱుసార్లకు తగ్గెను. రక్తపుపోటును సరిదిద్దు నాడీయంత్రము చుఱుకుగా పనిచేసెను. మరియమ్మకును అవలోకితేశ్వరునకును చుట్టఱికము లేదు. కాని రెండు పాఠములకును లయ యొక్కటే. మన యిండ్లలో పెద్దలు సాయంకాలము విష్ణుసహస్రనామము చదివిన పిమ్మట ముఖమున తేటదనము కనబడుటకు ఇదియే కారణము కావచ్చును. అది వారి ఊపిరి వారికిచ్చిన బహుమానము.

ఇంకొకటి. 2009 లో డెన్మార్కు దేశమున భక్తులైన 20 మంది క్రైస్తవుల మెదళ్లను, వారు ప్రార్థించుచుండగా యంత్రములతో పరీక్షించిరి. కంఠస్థమైన ప్రార్థన వల్లించినప్పటికంటె, సొంతమాటలతో దేవునితో మాటలాడినపుడు, మనము ఎదుటి మనిషి మనస్సును ఊహించి మాటలాడునపుడు మేల్కొను భాగములే వారిలో మేల్కొనెను. ఇందువలన దేవుడున్నాడనియు లేడనియు తేలదు. ప్రార్థించువానికి మాత్రము అది సంభాషణయే యని తేలినది. చీకటిలో ఒంటరిగ కూర్చున్న మనస్సు తనకొక శ్రోతను కల్పించుకొని, తన దుఃఖమునకు వాక్యరూపము నిచ్చి, ఆ వాక్యమును తానే విని, కొంత కుదుటపడును. పేరులేని భయముకంటె పేరుపెట్టిన భయము చిన్నది. ఇది నీచమైన పని కాదు. దీనిని ఎగతాళి చేయు హేతువాది మనుష్యుని చదువలేదు.

అట్లయిన మీకు అభ్యంతరమేమి? అని చదువరులు అడుగవచ్చును. మా యభ్యంతరమంతయు ప్రార్థన ఫలింపని నాటి సంగతి. ఫలించిన నాడు ప్రార్థన యెవ్వరికి గాని చెఱుపు చేయదు.

న్యాయసూత్రములలో ఒక చర్చ కలదు. పుత్రకామేష్టి చేసినను పుత్రుడు కలుగకపోవుట కానవచ్చుచున్నది గదా, వేదము అసత్యము కాదా? యని పూర్వపక్షి అడుగును. కాదు, కర్మలోగాని, కర్తలోగాని, సాధనములోగాని లోపముండును, అందుచేత ఫలింపలేదని సిద్ధాంతము. తార్కికులు వేదమును కాపాడుటకు కనిపెట్టిన ఈ త్రోవ మన వీథివీథిని రాజమార్గమైనది. మంత్రము తప్పు పలికియుందురు. ముహూర్తము తప్పియుందురు. అన్నిటికంటె మిక్కిలిగా, మ్రొక్కినవాని మనస్సులో నమ్మకము చాలియుండదు. అనగా దేవుడు ఎన్నడును ఓడడు. ఓడువాడు ఎల్లప్పుడును ఏడ్చుచున్నవాడే. బిడ్డను పోగొట్టుకొన్న తల్లితో, "నీవు ఆ మ్రొక్కు తీర్చితివా?" అని యడుగు పరామర్శను మన పల్లెలలో వినని వారెవరు? ఆమెకు దుఃఖమొకటే యుండెను. ఇప్పుడు అపరాధము గూడ వచ్చి చేరినది.

ఇది మా భావుకత్వము కాదు. పార్గమెంటు అను మనస్తత్త్వవేత్తయు ఆయన సహచరులును ఆసుపత్రిలో చేరిన 596 మంది వయోవృద్ధులను రెండేండ్లు వెంబడించి 2001 లో ప్రకటించినదేమనగా, దేవుడు నన్ను విడిచినాడు, దేవుడు నన్ను దండించుచున్నాడని కుమిలినవారిలో మరణము ఎక్కువగ నుండెను. ప్రార్థనవలని మనశ్శాంతిని ఖాతాలో వ్రాయువారు ఈ ఖర్చును గూడ వ్రాయవలెను గదా.

ఈ ఖర్చు మన దేశమున ఎవరి తలపై బడినదో మన భాషయే చెప్పుచున్నది. నోచుట యనగా నోము పట్టుట. అట్లతద్ది, వరలక్ష్మీవ్రతము, మంగళగౌరి, ఇన్ని నోములలో భార్య దీర్ఘాయువు కొఱకు భర్త పట్టు నోము ఒక్కటి చూపుడు. మేము వెదకి విసిగితిమి. భర్త ఆయువు భార్య నోములో నున్నదని నమ్మిన సంఘము, భర్త చనిపోయిన దినమున ఏమనుకొనును? నోము సరిగా నోచలేదనుకొనును. "ఆమె పసుపుకుంకుమలకు నోచుకొనలేదు" అని జాలిపడి పలుకుదుము. సంతానము లేనిదానిని "పిల్లలకు నోచుకొనలేదు" అందుము. జాలితో పలుకు నీ మాటలో ఎంత నేరారోపణ యిమిడియున్నదో గమనించితిరా? క్షయచేత చచ్చినవాని మరణమునకు కారణము క్షయ కాదు, ఆమె నోము! వీరేశలింగముగారు 1881 లో మొదటి వితంతువివాహము జరిపించునపుడు ఎదుర్కొన్నది పండితుల ధర్మశాస్త్రమును మాత్రమే కాదు. ఈ క్రియాపదమును గూడ. ధర్మశాస్త్రము కొంత తగ్గినది. క్రియాపదము నేటికిని మన యిండ్లలో సుఖముగ నున్నది. చదువుకొన్న స్త్రీలును దానిని వాడుచున్నారు.

మంచివారును ఈ యుచ్చులో బడుదురు. 1934 జనవరి 15 న బిహారులో భూకంపము వచ్చి వేలకొలది జనులు మడిసిరి. అది అస్పృశ్యతాపాపమునకు దైవదండనమని గాంధీగారు పలికిరి. ఆయన యుద్దేశము ఉత్తమమే. కాని కూలిన యిండ్లక్రింద హరిజనులును పడియుండిరి గదా. ఆ మాటను బహిరంగముగ ఖండించినవాడు నాస్తికుడు కాడు. ప్రార్థనాగీతములతో ప్రపంచమును కరగించిన రవీంద్రుడు. భౌతికకారణములవలన కలిగిన యుత్పాతమునకు నైతికకారణము నంటగట్టరాదని ఆయన వాదము. గాంధీగారు ఆ ఖండనమును తమ 'హరిజన్' పత్రికలోనే అచ్చువేయించి బదులు వ్రాసిరి. అది వారి పెద్దతనము. మాకు ఇందు కావలసినది ఒక్కటే. ప్రార్థించుచునే ప్రార్థనను కారకముగ జేయకుండుట సాధ్యమని రవీంద్రుడు చూపెను.

"దుఃఖములో నున్నవారి చేతికఱ్ఱను లాగుకొందురా?" అని మఱియొక ప్రశ్న వచ్చును. లాగుకొనము. ఆసుపత్రి వసారాలో కండ్లు మూసికొని కూర్చున్న తండ్రివద్దకు పోయి దత్తుగారి సమీకరణము వినిపించువాడు మా దృష్టిలో మూర్ఖుడు. కాని ఆ తండ్రి బిడ్డకు పాము కఱచినపుడు మంత్రగానివద్ద గంటసేపు గడపి, పిమ్మట ఆసుపత్రికి వచ్చియుండెనేని, ఆ గంట యెవరి పాపము? ఊతగఱ్ఱ నడచుటకు, దానితో పాము విషము దిగదు. ఈ మాట దుఃఖసమయమున చెప్పరాదు గనుకనే సుఖసమయమున, పత్రికలలో, భోజనములైన పిమ్మట వసారాలలో, పిల్లలు వినుచుండగా చెప్పవలెను. చెప్పవలసినవారు చెప్పక, "ఎవరి నమ్మకము వారిది" అని తాంబూలము వేసికొనుచున్నారు.

మాది బడిపంతులు వృత్తి. పరీక్షలు దగ్గఱపడినకొలది పిల్లల నొసళ్లమీద బొట్లు పెద్దవగును. హాలు టిక్కెట్లు దేవుని పటములయెదుట చేరును. కలములకు పసుపు పూయుదురు. వానిని మేమెన్నడును వెక్కిరింపలేదు. ఉదయము పాఠములకు ముందు మా తరగతిలో ఐదు నిమిషములు మౌనముగ, నిదానముగ ఊపిరి తీయుచు కూర్చుండుమందుము. ఆ మౌనములో ఎవడు ఏ దేవుని తలచునో, ఎవడు లెక్కల సూత్రములు తలచునో మేమడుగము. చిక్కు ఫలితములు వచ్చిన దినమున వచ్చును. మొన్న అర్ధసంవత్సరపరీక్షలో లెక్కలలో తప్పిన యొక బాలిక కండ్ల నీరు పెట్టుకొని వచ్చి, "మాస్టారూ, గుడిలో పదకొండు చుట్లు తిరిగాను. లెక్క తప్పి పదే తిరిగానేమో అని మా నాయనమ్మ అంటున్నది" అనెను. ఆమె సమాధానపత్రమును తీసి బల్లమీద పఱచితిమి. రెండవ పుటలో వర్గసమీకరణమును సాధించుచు ఒక రాశిని ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు తెచ్చినపుడు గుర్తు మార్చలేదు. అచ్చటినుండి క్రింది పంక్తులన్నియు తప్పు. "ఇదిగో అమ్మా, ఇక్కడ" అని ఎఱ్ఱసిరాతో చుట్టితిమి. ఆ బాలిక పత్రమును దగ్గఱకు లాగికొని, మా చేతిలోని కలము తీసికొని, ఆ పంక్తినుండి మఱల వ్రాయ మొదలుపెట్టెను.